ఒరిగిన ఆరు ముక్కలు

ఇరవై రెండేళ్లుగా నాది ఒకటే పని. పేగు ముక్కను కరిగిన మైనంలో అంచు మీద నిలబెట్టి, గడ్డకట్టాక వెంట్రుక కంటే పలచగా కోసి, రంగు వేసి, గాజుపలక మీదికి ఎక్కించడం. నిలబెట్టడంలోనే ఉంది కిటుకంతా. పేగు లోపలి పొర మీద సన్నటి వేళ్లలాంటివి ఉంటాయి. ముక్క నిలబడితేనే అవి మొదలు నుంచి కొసదాకా మైక్రోస్కోపులో కనిపిస్తాయి. ఒరిగిందా, అడ్డంగా తెగి, పొట్టిగా, అరిగిపోయినట్టు కనిపిస్తాయి. కొత్తగా చేరిన ప్రతివాళ్ల చెవిలో ఇల్లు కట్టుకుని ఈ మాట పోరేదాన్ని నేనే.

ఆ రోజు పొద్దున, మా ల్యాబులో పరీక్షిస్తున్న కొత్త మందు ఇవ్వని ఎలుకల ముక్కలన్నీ చక్కగా నిలబెట్టాను. మధ్యాహ్నం మా ఆయనతో ఫోన్లో పోట్లాట. ఇంటి తాళంచెవి మళ్లీ పారేశాడు మహానుభావుడు. ఒళ్లు మండిపోతుండగానే మందు ఇచ్చిన ఎలుకల ముక్కలు పట్టుకున్నాను. ఆరూ ఒరిగాయి. చూడలేదని అబద్ధం చెప్పను, చూశాను. మైనం కరిగించి మళ్లీ మొదటికి రావాలంటే విసుగేసింది. ఎవరు చూడొచ్చార్లే అనుకుని అలాగే గడ్డకట్టనిచ్చాను.

ఆ మందు మీద పరిశోధన చేస్తున్న పిల్లను మేమంతా చిట్టి అంటాం. అది ఆమె మూడేళ్ల కష్టం. సాయంత్రం వచ్చి, ముక్కలు నిలబడ్డాయా అక్కా అని మెల్లగా అడిగింది. అంతే, అగ్గి మీద గుగ్గిలం అయ్యాను. నువ్వు పలక పట్టినప్పటి నుంచీ ఇదే పని చేస్తున్నాను, నాకు నేర్పుతావా అని దులిపేశాను. మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయింది.

రెండు వారాలకు స్లైడ్లు చూశారు. మందు ఇచ్చిన ఎలుకల్లోనే వేళ్లు పొట్టిగా ఉన్నాయి. ఈ మందు పేగును తినేస్తోందని తేల్చేశారు ప్రొఫెసర్. వచ్చే శుక్రవారం మీటింగులో ఈ పరిశోధన ఆపేద్దామన్నారు. ముక్కలు ఒరిగిన సంగతి నేను చెప్పలేదు. ఇన్నేళ్ల పేరు పోతుందని భయం. ఇంట్లో కంచం ముందు నుంచి లేచిపోయాను. తాళంచెవి దొరికిందిగా, ఇంకా కోపమేనా అని మా ఆయన అడిగితే ఏడుపొచ్చింది.

గురువారం పొద్దున చిట్టి నా బల్ల దగ్గరికి వచ్చింది. తన అల్మరా సర్దేస్తోందట.

"ఆ రోజు మీ పనిని అనుమానించాను అక్కా. మనసులో పెట్టుకోకండి."

"పెట్టుకోనులే" అన్నాను. ఎంత సిగ్గులేని నోరో చూడండి నాది!

ఆమె వెళ్లగానే ఆ ఆరు మైనం దిమ్మలు బయటికి తీశాను. కరిగించి, ఒక్కొక్క ముక్కనూ భూతద్దం కింద చూసుకుంటూ నిలబెట్టి, మళ్లీ కోసి, రంగు వేశాను. మైక్రోస్కోపులో వేళ్లన్నీ నిక్షేపంగా, పొడుగ్గా ఉన్నాయి. మందు ఏ పాపమూ చేయలేదు. చేసింది నేనే.

శుక్రవారం పొద్దున్నే ఆ స్లైడ్లు చిట్టి ముందు పెట్టి, మళ్లీ చేశాను చూడమన్నాను. చాలాసేపు చూసింది. తలెత్తి నన్ను చూసింది. మొదటిసారి పొరపాటున ఒరిగి ఉంటాయిలే అక్కా అంది.

మీటింగుకు నేను స్లైడ్ల ట్రే పట్టుకుని వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాను. మొదటిసారి ముక్కలు ఒరిగాయని, పొరపాటున జరిగిందని, తనే సరిగ్గా చూసుకోలేదని చిట్టి ప్రొఫెసర్‌కు చెప్పింది. ఎనిమిది మంది ముందు ఆయన ఆ పిల్లను కడిగేశారు. మూడేళ్లలో ఇదేనా నేర్చుకున్నది అన్నారు. తల వంచుకుని ఆ మాటలన్నీ పడింది. నేను ఊరుకుంటే సరిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు. ట్రే పట్టుకుని లోపలికి నడిచాను.

"ఆ అమ్మాయి అడిగింది సార్. నేనే తిట్టి పంపాను. ఒరిగాయని నాకు ఆ రోజే తెలుసు."

ప్రొఫెసర్ ఏమంటారోనని ఆయన వైపు చూస్తున్నాను. కానీ మాట్లాడింది చిట్టి.

"ఆ రోజే తెలుసా అక్కా?"

"తెలుసమ్మా" అన్నాను.