జారిన గీత

నన్ను తిట్టినా ఓర్చుకుంటాను గానీ నా సాఫ్ట్‌వేర్‌ను తిడితే ఊరుకోను. ములకలపల్లి దగ్గర అడవి అంచున ఒక చిన్న కరెంటు ప్లాంటు ఉంది. దాని మేనేజర్ రమణ కొన్ని వారాలుగా రోజూ ఫోన్ చేసి ఆ పనే చేస్తున్నాడు.

"ఫరహా మేడం, మా మిషన్ శుభ్రంగా ఉందండీ. మీ సాఫ్ట్‌వేరే తేడాగా ఉంది," అంటాడు. సత్తుపల్లి మనిషి. మాట మెత్తన, పోటు గట్టిది.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది సార్," అంటాను నేను.

గొడవంతా ఒక గీత గురించి. వరి ఊక, జామాయిల్ కట్టె కాల్చి కరెంటు తీసే ప్లాంటు అది. దాని జనరేటర్‌ను పెద్ద లైనుకు కలిపి ఉంచాలంటే దాని నకలు సాఫ్ట్‌వేర్‌లో సిద్ధం కావాలి. అసలు యంత్రానికి ఒక పరీక్ష పెడతారు. వోల్టేజీ సెట్టింగును ఒక్కసారిగా కాస్త పెంచి, యంత్రం ఎలా ఎక్కుతుందో, ఎలా నిలబడుతుందో రికార్డు చేస్తారు. అదే పరీక్ష నేను ఖమ్మంలో నా బల్ల దగ్గర కూర్చుని నకలుకు పెడతాను. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటే అనుమతి వస్తుంది. లేకపోతే లేదు.

నా గీత ఎక్కింది, కొంచెం ఊగింది, నిలబడింది. ప్లాంటు గీత కూడా ఎక్కి, ఊగి, నిలబడి, ఆ తర్వాత అలసిపోయినట్టు మెల్లగా కిందికి జారింది. వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్ పాడై ఉంటుంది, మార్చండి అన్నారు అధికారులు. పెట్టి రెండేళ్లు కాలేదు, మళ్లీ కొత్తదా, దానికన్నా ప్లాంటునే విప్పి తుక్కుకు అమ్మేస్తానన్నాడు యజమాని. అనుమతి లేక అప్పటికే బాయిలర్ ఆర్పేశారు. తండాల నుంచి, గూడేల నుంచి పనికి వచ్చేవాళ్లు మిర్చి ఏరడానికి కూలికి పోతున్నారు. రమణ ఆ సంగతి చెప్పిన రోజు నాకు అన్నం సయించలేదు. ఒకవేళ తప్పు నా నకలుదే అయితే?

నకలులో ప్రతి అంకెనూ మార్చి చూశాను. గీత జారలేదు. చివరికి విసుగొచ్చి ఒక అల్లరి పని చేశాను. పరీక్ష మొదలైన కాసేపటికి ఎవరో సెట్టింగును మెల్లగా తగ్గిస్తున్నట్టు నకలుకు చెప్పాను. అంతే, గీత జారింది. ప్లాంటు గీత మీద అచ్చంగా కూర్చుంది. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. యంత్రం జారలేదు, ఎవరో దించారు! పరీక్ష రోజు వోల్టేజీని రికార్డు చేశారు గానీ, సెట్టింగును రికార్డు చేయలేదు. అందుకే ఎవరికీ తెలియలేదు.

వెంటనే రమణకు ఫోన్ చేశాను. ఆయన అందరినీ అడిగి మళ్లీ చేశాడు.

"ఎవరూ ముట్టుకోలేదంటున్నారండీ. ముట్టుకున్నోడు దొరికితే ఆ రోజే ఇంటికి పంపిస్తానని కూడా చెప్పా."

"అలా అడిగితే ఎవరు చెబుతారు సార్?" అని తల పట్టుకున్నాను. మర్నాడు పొద్దున్నే జూలూరుపాడు మీదుగా బయలుదేరాను.

నేను వెళ్లేసరికి, ఫోన్లో చెప్పినట్టే బాయిలర్ రాజేసి, ప్లాంటు సొంత అవసరాల మేరకు యంత్రాన్ని నడుపుతున్నారు. రమణ నన్ను కంట్రోల్ రూములోకి తీసుకెళ్లాడు. ప్యానల్ ముందు దేవ్లా నిలబడి ఉన్నాడు. పక్క తండా మనిషి, నెరసిన మీసం, ప్లాంటు పుట్టినప్పటి నుంచీ ఆపరేటర్.

"దేవ్లన్నా, పరీక్ష రోజు ఇక్కడ ఉన్నది మీరేనా?"

"అవ్ మేడం, నేనే ఉన్న. ముట్టొద్దన్నరు, ముట్టలే."

నా కళ్లలోకి చూసే చెప్పాడు. అబద్ధమాడే చూపు కాదది. నాకు అయోమయంగా అనిపించింది. చూద్దాం అనుకుని, రెగ్యులేటర్‌కు నా ల్యాప్‌టాప్ తగిలించి, పరీక్షలోలాగే సెట్టింగును ఒక మెట్టు పెంచాను. ఈసారి మాత్రం స్క్రీను వైపు చూడలేదు. దేవ్లాను చూశాను.

మీటరు ముల్లు పైకి లేచింది. దేవ్లా కన్ను ముల్లు మీదే ఉంది. కుడిచెయ్యి నెమ్మదిగా వెళ్లి, సెట్టింగు స్విచ్‌ను పట్టుకుని, తగ్గించే వైపు తిప్పింది.

"దేవ్లా!" రమణ అరిచాడు.

దేవ్లా ఉలిక్కిపడి తన చేతిని చూసుకున్నాడు. అది వేరెవరిదో అన్నట్టు చూశాడు.

"నేనే తిప్పిన్నా? ఆ దినం గూడ గిట్లనే తిప్పిన్నా?" ముఖం పాలిపోయింది. "పాత రెగ్యులేటర్ ఉన్నప్పుడు ముల్లు లేస్తే చెయ్యితోనే దించాలె మేడం. లేకుంటే ఖరాబైతది. పాలు పొంగుతుంటే పొయ్యికాడున్నోళ్ల చెయ్యి ఊకుంటదా? నాకు ఎర్కనే లేదు. నా చెయ్యే అందరి పని బంద్ పెట్టిచ్చిందా?"

అలవాటులో పొరపాటు అంటే ఇదే. నాకు నవ్వు ఆగలేదు. ఎన్నాళ్లనుంచో బిగబట్టుకున్నదంతా ఆ నవ్వుతో బయటికి వచ్చేసింది. "మిషన్ బాగుంది. నా నకలూ బాగుంది. ఏదీ మార్చక్కర్లేదు," అన్నాను.

రమణ కుర్చీలో కూలబడ్డాడు. "ఇంటికి పంపిస్తానన్నానండీ," అన్నాడు చిన్నగా.

"పంపించండి. మళ్లీ పరీక్షకు యంత్రాన్ని మీరు నడపండి."

"నాకెక్కడ వచ్చండీ!" అని ఆయనా నవ్వేశాడు.

తర్వాతి వారం పరీక్ష వాళ్లు మళ్లీ వచ్చారు. ఈసారి సెట్టింగును కూడా రికార్డు చేశారు. ఎవరూ చెప్పకుండానే దేవ్లా ప్యానల్‌కు దూరంగా జరిగి, రెండు చేతులూ చంకల్లో బిగించుకుని నిలబడ్డాడు. సెట్టింగు పెంచారు. ముల్లు లేచింది. దేవ్లా భుజాలు అదిరాయి, చేతులు మాత్రం కదలలేదు. ముల్లు కొంచెం ఊగి, నిలబడింది. నిలబడే ఉంది. రికార్డును తెచ్చి నా గీత మీద పెడితే ఒక్క గీతే కనిపించింది. వచ్చిన అధికారి "సరిపోయిందమ్మా" అన్నాడు. గుండె మీది బండ దిగింది. యజమానికి ఫోన్ చేయడానికి రమణ బయటికి పరుగెత్తాడు.

దేవ్లా ఇంకా ముల్లునే చూస్తున్నాడు.

"నేను పట్టుకోకున్నా నిలబడ్డది," అన్నాడు.

"అవునన్నా. కొత్త రెగ్యులేటర్ దానంతట అదే చూసుకుంటుంది."

"పెట్టినకాంచి గంతేనా?"

"అంతే."

చెప్పాక భయమేసింది. ఇన్నాళ్లు తానే నిలబెడుతున్నాననుకున్న మనిషికి ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ దేవ్లా చంకల్లోంచి చేతులు తీసి గట్టిగా ఊపిరి వదిలాడు.

"గిన్నేండ్లు గీ ముల్లు మీద కన్నేసి, ఈడనే నిలబడి బువ్వ తిన్న మేడం. ఇగ బయట అందరితోని కూసొని తినొచ్చా?"

"తినండన్నా, వెళ్లండి," అన్నాను.

దేవ్లా ప్యానల్ పక్కనున్న టిఫిన్ డబ్బా అందుకుని, వెనక్కి తిరిగి చూడకుండా బయటికి నడిచాడు.