మూలికలమ్మ లేని పుస్తకం

ఆదివారం మధ్యాహ్నం కుట్టుమిషన్లకు సెలవు. బట్టలు కత్తిరించే పొడవాటి బల్ల మీది పీలికలు తుడిచేసి నలుగురూ చుట్టూ చేరేవారు. మందుల షాపు నడిపే ఆయన, ఆయన బావమరిది, టైలరమ్మ, అందరూ పొడుగు అని పిలిచే బస్సు డ్రైవరు. పాచికలతో ఆడే కథల ఆట వాళ్ళది. ఒకరు కథ నడిపిస్తారు, మిగిలినవాళ్ళు అందులో మనుషులై మాట్లాడతారు, ఎవరు గెలిచిందీ ఎవరు పడిందీ పాచికలు తేలుస్తాయి. కథ నడిపేది బావమరిది. లిఫ్టులు బాగుచేసే పని కావడం వల్లనేమో, అతని కథలో ఏ కోటకు వెళ్ళినా అడుగు కనబడని గొయ్యి ఒకటి ఉండేది. రాక్షసులు మీద పడ్డప్పుడల్లా పొడుగు "లోపలికి జరగండి, లోపలికి జరగండి" అనేవాడు.

ఒకప్పుడు ఐదుగురు. ఐదో మనిషి మందులాయన భార్య, బావమరిదికి సొంత అక్క. వీళ్ళందరినీ ఈ ఆటలోకి లాగింది ఆమే. కథలో ఆమె గాయాలు మాన్పే మూలికలమ్మ. బయట ఆమెకు రక్తంలో జబ్బు చేసింది. ఎక్కడెక్కడి మందులో ఆయన తెప్పించాడు. ఒక్కటీ పనిచేయలేదు.

ఆమె పోయాక మళ్ళీ బల్ల చుట్టూ కూర్చున్న మొదటి ఆదివారం, మూలికలమ్మను ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. చంపడానికి తమ్ముడికి నోరు రాలేదు. "వదిన పాచికలు నేను వేస్తాలే" అంది టైలరమ్మ. అప్పటినుంచి తన పాత్రతో పాటు మూలికలమ్మను కూడా ఆమే ఆడుతోంది. మందులాయన పాత్ర ఒక ముసలి సైనికుడు. అతనికి దెబ్బ తగిలిందంటే చాలు, టైలరమ్మ అచ్చం వదినలా మూతి బిగించి, "దెబ్బ తినేముందు నన్నొక మాట అడగాలని తెలీదూ" అని మందలిస్తూ కట్టు కట్టేది. అందరూ నవ్వి, ఓరగా ఆయనవైపు చూసేవారు. ఆయనా నవ్వేవాడు. ఈ నవ్వు కోసమే కదా ఇదంతా, అనుకునేవారు.

ఒక ఆదివారం పొడుగు సంచిలోంచి కొత్త పుస్తకం తీశాడు. అదే ఆట, కొత్త ఎడిషన్. అట్ట మీద డ్రాగన్ మెరిసిపోతోంది.

"పాతది ఇంక అచ్చు వెయ్యరంట. అందరూ దీనికే మారిపోతున్నారు. ఇందులో లెక్కలు తక్కువ, నా బుర్రకే ఎక్కిందంటే చూస్కోండి" అన్నాడు.

బావమరిది పుస్తకం అందుకుని పేజీలు తిప్పాడు. తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగాడు. వెనక్కి వెళ్ళాడు. మళ్ళీ ముందుకొచ్చాడు.

"ఇందులో వైద్యం చేసేవాళ్ళు లేరే" అన్నాడు.

"అక్కర్లేదు మరి. ఒక రాత్రి పడుకుని లేస్తే గాయాలన్నీ వాటంతటవే మానిపోతాయి. ఎవరూ ఎవరికోసం ఆగక్కర్లేదు, ఆట చకచకా..." పొడుగు అక్కడ నాలుక కరుచుకున్నాడు.

టైలరమ్మ పుస్తకం మూసి అతనివైపు తోసింది. "మనకొద్దులే ఇది. పాతదానితోనే ఆడుకుందాం. ఏమంటావన్నయ్యా?"

అడగడం మర్యాదకే. ఆయన ఏమంటాడో అందరికీ తెలుసుననుకున్నారు.

"మారదాం" అన్నాడు మందులాయన.

"బావా, మారితే అక్క ఉండదు" అన్నాడు బావమరిది మెల్లగా.

"తెలుసు."

టైలరమ్మ మొహం పాలిపోయింది. "నేనేమైనా తప్పుగా ఆడానా?"

ఆయన బల్ల మీది కత్తెరగాట్లు వేలితో తడిమాడు. "నువ్వు బాగానే ఆడుతున్నావమ్మా. అదే నా ఖర్మ. ఆమె మాట నిదానం. వాక్యం చివర నవ్వులో కలిపేసేది, సగం వినబడేది కాదు. నువ్వు గబగబా, స్పష్టంగా అంటావు. ఇప్పుడు ఇంట్లో కూచుని ఆమె గొంతు గుర్తుచేసుకుందామంటే నీ గొంతే వస్తోంది. ఇంకొన్నాళ్ళు పోతే ఆమె నాకు మిగలదు."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నాకోసమని చేస్తున్నారు కదా. ఎలా చెప్పను?"

పొడుగు పుస్తకాన్ని ఒళ్ళో దాచుకున్నాడు, అది తన తప్పే అన్నట్టు.

పాత రూల్సుతో ఆఖరిసారి ఆడారు. బావమరిది కథను ఒక సముద్రపు రేవుకు చేర్చాడు. అక్కడ జ్వరాలు ప్రబలాయి, మూలికలమ్మ ఆగిపోతానంటోంది, ఓడ కదలబోతోంది అన్నాడు. అంతకంటే సున్నితంగా చెప్పడం అతనికి చేతకాలేదు. మూలికలమ్మ తరఫున ఒక్క మాటైనా అనమంటే టైలరమ్మ తల అడ్డంగా ఊపింది. ముసలి సైనికుడు ఏదైనా చెప్పి ఓడెక్కాలి. మందులాయన నోరు తెరిచాడు, గొంతు సవరించుకున్నాడు, "పదండి" అన్నాడు. బావమరిది లేచి వీధి నల్లా దగ్గరికెళ్ళి మొహం కడుక్కొచ్చాడు.

కొత్త ఆట బాగానే ఉంది. రూల్సు సులువే. దెబ్బ తగిలేది, రాత్రి గడిచేది, తెల్లారేసరికి అందరూ లేచి నడిచేవారు. మందులాయన కొత్త పాత్రకు చాలా వారాల పాటు పేరే పెట్టలేదు. పొడుగు పాపం తన జోకులన్నీ వేశాడు. బావమరిది వేలు పెట్టి రూల్సు చదువుతూ మధ్యలో కథ మర్చిపోయేవాడు. టైలరమ్మ ఒకసారి పెళ్ళి ఆర్డర్లు అంది, ఇంకోసారి తలనొప్పి అంది. ఆ తర్వాత ఆదివారం కూడా షాపు తెరుస్తున్నానని, బల్ల ఖాళీ ఉండదని కబురంపింది.

ఇంట్లో మందులాయన ఎదురుచూశాడు. టైలరమ్మ గొంతు ఆగిపోతే అడుగున ఉన్నది పైకి తేలుతుందనుకున్నాడు. స్టవ్ దగ్గర నిలబడి, భార్య రోజూ అనే మాటలు తనే పైకి అనుకునేవాడు. "షాపు తాళాలు తీసుకున్నావా?" "గొడుగో?" మాటలు ఉన్నాయి. గొంతు లేదు. టైలరమ్మదీ లేదు. అచ్చులో చదివినట్టు ఉన్నాయి ఆ మాటలు.

చివరికి ఒక సాయంత్రం షాపు తొందరగా కట్టేసి టైలరమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆమె కోటుకు కాజాలు కుడుతోంది. కుర్చీ మీది బట్టలు తీసి కూర్చోమంది. క్షేమ సమాచారాలు అయిపోయాయి.

"ఒకసారి అనమ్మా" అన్నాడాయన.

"ఏమని?"

"మూలికలమ్మ అన్నట్టు. దెబ్బ తగిలినప్పుడు అనేదానివి చూడు, ఆ మాట."

ఆమె సూది ఆపింది. "వద్దన్నావు కదన్నయ్యా."

"అన్నాను. అసలుది ఎటూ రావట్లేదు. కనీసం అదన్నా..."

టైలరమ్మకు కోపం వచ్చినట్టుంది, అంతలోనే పోయినట్టుంది. కళ్ళు మూసుకుని మూతి బిగించింది. "దెబ్బ తినేముందు..." అని ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి వచ్చింది తన మాటే, రోజూ గిరాకీలతో బేరమాడే మాట. దాంట్లో వదిన ఛాయ కూడా లేదు.

"రావట్లేదన్నయ్యా. ఆమె బదులు నా గొంతే వస్తోందని నువ్వన్నప్పటినుంచీ రావట్లేదు. ఒక్కదాన్నే ఉన్నప్పుడు చూసుకున్నాను కూడా."

ఆయన తలూపాడు. లేవడానికి చేతులు బల్లకు ఆనించాడు గాని లేవలేదు. ఆమె కాజా పూర్తిచేసి, దారం కొరికి, రెండోది మొదలుపెట్టింది. ఇంతలో ఒకాయన ప్యాంటు పొట్టి చేయించుకోడానికి వచ్చాడు. కొలత తీయాలి, కుర్చీ అడ్డం. మందులాయన లేచి కుర్చీ గోడవైపు జరిపి, ఆమె కొలతలో ఉండగానే మెట్లు దిగిపోయాడు. ఆమె టేపు పట్టుకుని మోకాళ్ళ మీద ఉంది, తలెత్తలేదు.