కృష్ణమ్మ నడక

"జర చప్పుడు చేయకుండ నడువు. కృష్ణమ్మ నడిస్తే పిల్లికి గూడ తెల్వకపోయేది."

నర్సింగమ్మ కాపురానికొచ్చిన మర్నాడు నీళ్ల బిందె తెస్తుంటే అత్త అన్న మాట అది. కృష్ణమ్మ అంటే భర్త రఘుపతి మొదటి భార్య. జ్వరమొచ్చి పోయిందని పెళ్లి మాటలప్పుడే చెప్పారు. ఇంట్లో ఫోటో కూడా లేదు, అత్త నోట్లో పేరు తప్ప. చారు కాస్తే కృష్ణమ్మ, వాకిలి ఊడిస్తే కృష్ణమ్మ. పోయినామెతో పోటీ ఏమిటని మొదట్లో ఉడుక్కునేది. పోనుపోను, అత్త కసరకముందే సర్దుకుపోవడం ఒంటికి అలవాటైంది.

తొంభై మూడులో, అంగన్‌వాడీ టీచరు కనుక, అక్షరాస్యత నాటకాల శిక్షణకు మహబూబ్‌నగర్ రమ్మని ఆమెకు కబురొచ్చింది. "ఆఫీసోళ్లు పిలిచిన్రని పంపుతున్న. ఎగురుడు, దునుకుడు అని నా చెవిన పడొద్దు" అన్నాడు రఘుపతి.

శిక్షణ ఇచ్చే అమీనా ఆడవాళ్లందరికీ సుద్దముక్కలు పంచింది. "మాటలొద్దమ్మా. కింద మీ ఇల్లు గీయండి. లేచినప్పటి నుంచి పండుకునే దాక అండ్ల ఎట్ల తిరుగుతరో గట్లనే తిరగండి. మీ ఒళ్లు ఏం చెప్తదో సూద్దాం."

నర్సింగమ్మ వంటిల్లు గీసింది, అత్త మంచం గీసింది, భర్త కుర్చీ గీసింది. తను కూర్చునే చోటు ఎక్కడ గీయాలో తోచలేదు. లేచి నడవసాగింది. మునివేళ్ల మీద, భుజాలు ముడుచుకుని, గాజులు గలగలమనకుండా కుడి మణికట్టును ఎడమచేత్తో బిగించి, మంచం పక్కనుంచి ఓరగా.

"ఓ యవ్వా!" అని ఎవరో కేక వేశారు. పక్క జిల్లాలో దేవరకొండ దగ్గరి పల్లె నుంచి శిక్షణకొచ్చిన గుర్వమ్మ. "గిట్లనే... మా ఊరి కృష్ణమ్మ గిట్లనే గాజులు పట్టుకొని నడిచేది."

"ఏ కృష్ణమ్మ?"

"రఘుపతి అని, పాలమూరు దిక్కు పిలగానికిచ్చిన్రు. తల్లిగారింటికొచ్చినా గిదే నడక. నీ కాళ్లకేమైంది బిడ్డా అని వాళ్లమ్మ ఏడ్చేది."

నర్సింగమ్మ గుర్వమ్మ వైపు తిరిగింది. "ఆమె జరమొచ్చి పోయిందన్నరు గద?"

"జరమా? బాయిల తేలింది బిడ్డా."

అమీనా వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. "ఇగ చాలమ్మా, కూసో."

"దినం ఇంక ఒడువలే మేడం, పండుకునే దాక అన్నరు గద" అంది నర్సింగమ్మ. మళ్లీ నడిచింది. అంట్లు, బట్టలు, దీపాలు. ఎన్నడూ చూడని మనిషి తన మడమల్లో, మెడ వంపులో, బిగబట్టిన ఊపిరిలో కాపురం చేస్తోందని తెలుస్తూనే ఉంది. పెరటి గుమ్మం దాటిన కాళ్లు ఆగిపోయాయి. అక్కడ సుద్దతో గుండ్రంగా ఒక గీత ఉంది. అది బావి. ఎప్పుడు గీసిందో ఆమెకే తెలియదు.

శిక్షణ ముగిశాక ఆమె తన ఊరి బస్సెక్కలేదు. గుర్వమ్మ వెంట దేవరకొండ బస్సెక్కింది. పల్లెలో కృష్ణమ్మ తల్లి లక్ష్మీనర్సమ్మ అరుగు మీద కందులు చెరుగుతోంది.

"ఎవలు బిడ్డా?"

"నీ బిడ్డ జాగల ఇన్నేండ్లు నేనున్న అవ్వా."

ముసలామె చేతిలో చాట ఆగింది.

"నేనైతే ఇగ పోను. గాని ఆ ఇంటికి మూడో ఆమె రాకముందే, కృష్ణమ్మ ఎట్ల సచ్చిందో నలుగురిల చెప్పాలె. నువ్వు నా పక్కన నిలబడుతవా?"