గేరు కుదుపు

మొదటి గేరు పడగానే ఇనప గేటు మూసినట్టు ఢమాలుమంది. రెండో గేరుకి మోటారు సైకిలు ఉలిక్కిపడింది. మూడో గేరుకి వెనక కూర్చున్న భార్య నుదురు వచ్చి డ్రైవరు వీపుకి ఠపీమని తగిలింది. నాలుగో గేరు దాకా పోయే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది. వీధి చివర వెనక్కి తిప్పుకుని ఇంటి ముందుకొచ్చి ఆగారు.

ఆమె దిగి, మెడ పట్టుకుని, బండి వంక కాకుండా మొగుడి వంక ఎగాదిగా చూసింది.

"రేపట్నుంచి ఆస్పత్రి దగ్గర దింపుతానన్నారు సరే. అక్కడ గుడ్డలుతికే పనికా, మంచమెక్కడానికా? అది చెప్పలేదు."

"కొత్త కదే, అలవాటు పడాలి."

"ఎవరు, బండా? నా మెడా?"

డ్రైవరు ఇరవై ఏళ్ళ పైచిలుకు సిటీ బస్సు తోలినవాడు. గేరు మార్చిన సంగతి ముందు సీట్లో కునుకు తీసే ముసలాళ్ళకు కూడా తెలియకుండా మారుస్తాడని డిపోలో పేరు. అలాంటి వాడికి ఈ మాట పుండు మీద కారం చల్లినట్టయింది.

అసలు ఈ బండి కొన్నదే ఒక మాట పడి. ఇన్నేళ్ళూ అతనిది తెల్లవారుజాము డ్యూటీ. ఆమె లేచేసరికి అతని మంచం ఖాళీ. ఇప్పుడు మధ్యాహ్నం షిఫ్టుకి మార్చారు. ఆమెకేమో ఆస్పత్రి లాండ్రీలో పొద్దుటి పని దొరికింది. ఒకనాడు దండెం మీద తువ్వాలు ఆరేస్తూ, "ఊళ్ళో అందర్నీ వాళ్ళ వాళ్ళ పనుల దగ్గర దింపారు. నన్నొక్కదాన్ని ఎప్పుడైనా దింపారా?" అంది. నవ్వుతూనే అంది. ఆ నవ్వు లేకపోయినా బాగుండేది. అది చేపముల్లులా గొంతులో దిగబడి, అతనికి అన్నం సయించలేదు.

వీధి మొదట్లో కళ్ళజోళ్ళ షాపాయన బండి అమ్ముతున్నాడని తెలిసి వెళ్ళాడు. "గేరు కొద్దిగా బిగువు, అంతే" అన్నాడు ఆయన. పాత బండి అమ్మేవాడి నోట 'కొద్దిగా' అన్న మాట వినపడితే కొనేవాడు చెప్పులు చేత పట్టుకుని పరిగెత్తాలి. డ్రైవరు పరిగెత్తలేదు. "నచ్చకపోతే ఆదివారం చీకటి పడేలోగా తెచ్చిచ్చేయండి" అన్న మాట నమ్మి తెచ్చుకున్నాడు. ఇవాళే ఆ ఆదివారం.

"సాయంత్రం ఇంకొక్కసారి ఎక్కుతా" అంది ఆమె తీర్పు చెప్పినట్టు. "అప్పుడూ ఇలాగే ఎగరేస్తే బండి ఆయన షాపుకి, నేను మళ్ళీ బస్సుకి."

తమ్ముడికి కబురు పెట్టింది కూడా ఆమే. తమ్ముడు ఫ్రిజ్ మెకానిక్. పానాల సంచీ భుజాన వేసుకుని, అరగంటలో ఊడిపడ్డాడు.

"ఒరేయ్, ఫ్రిజ్జుల్లో గేర్లుంటాయట్రా?" అన్నాడు డ్రైవరు.

"బస్సులో ఉంటాయి కదా బావా, మరి నువ్వే బాగుచేసుకోలేకపోయావా?"

బామ్మర్ది ఇంజన్ కింద రేకు డబ్బా పెట్టి పాత ఆయిలు వదిలాడు. తారులా నల్లగా, మాడు వాసన కొడుతూ దిగింది. "ఇది ఆయిలా, కాటుకా?" అని అక్కకి చూపించాడు. కొత్త ఆయిలు పోశాడు. క్లచ్ తీగ తొడుగు నిండా తుప్పు. ప్లాస్టిక్ కవరు మూల కత్తిరించి, తీగ పై కొసకి గరాటులా కట్టి, కింది కొస నుంచి ఎర్రటి మడ్డి కారేదాకా చుక్కచుక్కగా ఆయిలు దించాడు. క్లచ్ పిడి ఊగులాడుతోంది. సగం లాగితే గానీ తీగ బిగుసుకోవడం లేదు. నట్టు తిప్పి, నాణెం మందం మాత్రం వదులుంచాడు. చైను వేలాడుతుంటే వెనక చక్రం జరిపి సరిచేశాడు. డ్రైవరు పక్కనే గొంతుక్కూర్చుని పానా అందిస్తూ, అడగని సలహాలిస్తూ, చేతులు మోచేతుల దాకా నల్లగా చేసుకున్నాడు.

బామ్మర్ది బండెక్కి వీధి చివరికి పోయి వచ్చాడు. గేరు మారిన చప్పుడు గుమ్మంలో నిలబడ్డవాళ్ళకు వినపడనే లేదు.

"వెన్న బావా, వెన్న!"

డ్రైవరు మీసం దువ్వుకుని ఎక్కాడు. ఢమాల్. ఢమాల్. పక్కింటి కిటికీ రెక్క తెరుచుకుంది.

"నేనెక్కితే పిల్లిలా పోయింది. నువ్వెక్కితే దున్నపోతులా కుమ్ముతోంది. ఏం చేశావు దాన్ని?"

"నీ బరువెంత, నా బరువెంత! నువ్వెక్కితే దానికి తెలిసి చస్తేగా."

"బరువు చక్రానికి గానీ గేరుకెందుకు బావా?"

"ఫ్రిజ్జులవాడివి, నీకేం తెలుసు? మళ్ళీ విప్పు."

మళ్ళీ విప్పారు. నట్టు ఇటు తిప్పారు, అటు తిప్పారు. బామ్మర్ది తోలితే వెన్న, బావ తోలితే ఢమాల్. ఎండ గోడ పైకెక్కిపోతోంది. డ్రైవరు మాటిమాటికీ వీధి మొదటి వైపు చూస్తున్నాడు. కాసేపటికి అతనిలో బింకం సడలింది. "ఇచ్చేద్దాంలేరా. నాకు రాసిపెట్టిలేదు" అన్నాడు గొంతు తగ్గించి. ఆ గొంతు విన్నాక బామ్మర్దికి కూడా వెటకారం రాలేదు.

టీ గ్లాసులు పట్టుకుని వచ్చిన ఆమె ఆ మాట విని ఆగింది. "ఏదీ, స్టాండు మీదే పెట్టి ఒక్కసారి గేరు వేయండి, చూస్తా" అంది.

"చూసేదేముందే?"

"వేయండి ముందు."

అతను ఇంజన్ స్టార్టు చేసి గేరు వేశాడు. ఢమాల్. ఆమె కళ్ళు బండి మీద లేవు. అతని ఎడమ భుజం ఒక్కసారిగా ఒరిగిపోయింది. తొడ లేచి, మోకాలు వంగి, బూటు వెళ్ళి గేరు కడ్డీ మీద ధబీమని పడింది.

"క్లచ్చి ఎక్కడుందండీ దీనికి?"

"చేతిలో. ఇదిగో."

"మరి రెండు వేళ్ళతో గిచ్చినట్టు లాగుతారేం? ఆ కాలేమో బావిలో దూకుతున్నట్టు తొక్కుతోంది!"

బామ్మర్ది గ్లాసు కింద పెట్టేసి పొట్ట పట్టుకుని నవ్వాడు. సంగతి అదీ. బస్సు క్లచ్చి ఎడమకాలి కింద ఉంటుంది. ఒళ్ళంతా బరువు మోపితే గానీ దిగదు. ఇన్నేళ్ళూ డిపోకి సైకిలు మీద పోయి, బస్సెక్కి ఆ తొక్కుడే తొక్కినవాడు. బండి మారిన సంగతి అతని తలకి తెలుసు, చేతులకి తెలుసు. ఎడమకాలికి మాత్రం ఎవరూ చెప్పలేదు. అది నిజాయితీగా క్లచ్చి తొక్కుతున్నానే అనుకుంటూ గేరు నెత్తిన మోదుతోంది. కాలు చూసుకుంటుందన్న భరోసాతో వేళ్ళు బద్ధకించాయి.

"విప్పండి ఆ బూట్లు" అంది ఆమె. లోపలికెళ్ళి స్నానాల గదిలో వాడే రబ్బరు చెప్పులు తెచ్చి పడేసింది. అరిగి అరిగి అప్పడంలా ఉన్నాయవి.

"వీటితోనా? వీధిలో చూస్తే?"

"ఇందాకట్నుంచీ చూస్తూనే ఉన్నారు. కొత్తగా పోయే పరువేం లేదు."

మొదటిసారి అలవాటుగా మోదాడు. కడ్డీ బొటనవేలి కింద కసుక్కున దిగింది. "అమ్మా!" అన్నాడు.

"అక్కని పిలువు బావా, అమ్మ లేదిక్కడ" అన్నాడు బామ్మర్ది.

రెండోసారికి కాలు ముందే జంకింది. వేళ్ళన్నీ కలిపి పిడిని హ్యాండిల్ దాకా లాగి, కాలిని ఊరికే ఆనించాడు. టిక్కుమంది. అంతే. అతను నమ్మలేక కిందికి వంగి చూసుకున్నాడు. మళ్ళీ వేశాడు. టిక్. ఇరవై ఏళ్ళ సర్వీసు ఉన్న మనిషి, రబ్బరు చెప్పులేసుకుని, చిన్నపిల్లాడిలా పళ్ళికిలించాడు.

"సంబరం తర్వాత. చీకటి పడుతోంది, నన్నెక్కించుకోండి."

కిక్కిరిసిన బస్సు తోలినప్పుడు కూడా అతనికి చేతులు ఇంతలా చెమర్చలేదు. మొదటి గేరు. రెండు. మూడు. వెనక నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. తిట్టినా బాగుండు. నాలుగో గేరు వేసి, "వేశానే" అన్నాడు ఉండబట్టలేక.

"ఏం వేశారు?"

ఆ మాటకి అతని ఛాతీ రెండంగుళాలు పొంగింది.

కళ్ళజోళ్ళ షాపాయన సగం షట్టరు దించి, వీళ్ళ కోసమే నిలబడి ఉన్నాడు. బండి ఆగగానే మొహం ముడుచుకున్నాడు.

"ఏమ్మా, తిరిగిచ్చేస్తున్నారా? గేరు సంగతి ముందే చెప్పాను."

"బండిలో ఏ లోపమూ లేదండీ" అంది ఆమె వెనక సీట్లోంచి దిగకుండానే. "లోపం ఇన్నేళ్ళుగా నా దగ్గరే ఉంది. దాన్ని తిరిగి తీసుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి."

ఆయన పడీపడీ నవ్వాడు. డ్రైవరుకి చెవులు వేడెక్కాయి. అయినా కోపం మాత్రం రాలేదు. ఇంటి వైపు తిప్పబోతే ఆమె భుజం మీద తట్టింది.

"అటు కాదు. ఆస్పత్రి దాకా పోనివ్వండి. పొద్దున్నే దారి తప్పితే నాకు ఆలస్యం."

"ఆ రూట్లో నేను బస్సు తోలుతానే!"

"దారి బస్సుకి తెలుసు. మీకు తెలుసో లేదో నాకెలా తెలుస్తుంది?"

అతను బండిని ఆస్పత్రి వైపు తిప్పి, పిడి హ్యాండిల్ దాకా లాగి, గేరు వేశాడు.