గుట్ట పైన, గుట్ట కింద

ఫొటో స్టూడియో ఆయన ఏటా సెలవులకు ఆ సరస్సు ఊరికే వస్తాడు. బస్సు దిగగానే చొక్కా పట్టుకు లాగినంత పనిచేసే గదుల బ్రోకర్లను, పడవల వాళ్ళను చూస్తే ఆయనకు ఒళ్ళు మండుతుంది. ఒకటి రెండు రోజులు పళ్ళబిగువున గడిపి, గుట్ట మీది పల్లెకు పోతాడు. అక్కడ కంబళ్ళు నేసే ముసలాయన ఇంట్లో మకాం. ముసలాయన కోడలు నోరారా “అన్నయ్యా” అని పిలుస్తుంది. “కింద ఉన్నవి జలగలు, పైన ఉన్నవాళ్ళు మనుషులు” అని స్టూడియోకు వచ్చిన ప్రతివాళ్ళకూ, గుట్ట మీది వాళ్ళకూ చెబుతాడాయన.

ఈసారి సరస్సు ఒడ్డు హోటల్లో భోజనానికి కూర్చుంటే, గిన్నెలు మోస్తూ ఆ కోడలే కనబడింది. పలకరించబోతే చూపు తిప్పుకుంది. అదే కంగారులో పక్క బల్ల దగ్గర ఎవరి ఒళ్ళోనో కూర ఒలకబోసింది. మేనేజరు పరుగున వచ్చి అందరి ముందూ ఆమెను కడిగిపారేశాడు.

స్టూడియో ఆయన ఒంటికాలి మీద లేచాడు.

“ఎవరిని తిడుతున్నావో తెలుసా? ఈవిడ కాలిగోటికి సరిపోవు నువ్వు. వచ్చినవాళ్ళని పీక్కుతినడం తప్ప మీకేం చేతనవును?”

“మీరు కూర్చోండి” అని ఆమె మెల్లగా అంది. ఆయన చెవికెక్కలేదు. ఇంకా నాలుగు అన్నాడు. తినేవాళ్ళు చేతులాపి చూశారు. మేనేజరు మొహం కందగడ్డలా అయింది.

“వకాల్తాకి మనుషుల్ని కూడా పెట్టుకున్నావా? రేపట్నుంచి రావద్దు” అన్నాడు ఆమెతో.

మర్నాడు ఆయన గుట్టెక్కేసరికి ఆమె వాకిట్లో కూర్చుని ఉన్ని చిక్కుతీస్తోంది. తలెత్తలేదు.

“వాడికి బాగా గడ్డిపెట్టాను కదమ్మా” అన్నాడు.

“నా కడుపు మీద కొట్టారు. మిమ్మల్నెవరు అడిగారు? వాడు మా పిన్ని కొడుకు. పొద్దున తిడతాడు, సాయంత్రం తన బండి మీద తనే తీసుకొచ్చి దింపుతాడు. గదులిప్పిస్తామని మీ వెంటపడే వాళ్ళలో మా మరిది ఉన్నాడు. ఈ గుట్ట మీద పొయ్యి వెలగాలంటే కిందికి దిగాల్సిందే. కంబళ్ళు ఎవరు కొంటున్నారిప్పుడు? మీరు కొన్నారా ఎప్పుడైనా?”

ఆయన కొనలేదు. మగ్గం ఫొటోలు మాత్రం చాలా తీశాడు.

“అమ్మాయ్, ఊరుకో” అన్నాడు మగ్గం దగ్గర్నుంచి ముసలాయన.

“ఊరుకోను మామయ్యా. మా వాళ్ళనే జలగలంటాడు, నన్నేమో దేవతంటాడు. ఏడాదికోసారి వచ్చేవాళ్ళతో మంచిగా ఉండడం ఎంతసేపు? రోజూ ఇక్కడే ఉంటే ఈయనతోనూ పోట్లాడేదాన్ని.”

ఆయనకు తల కొట్టేసినట్టయింది. సంచీ కూడా దించకుండా గుట్ట దిగాడు. ఆమె మీద కోపం, మేనేజరు మీద కోపం. దారి పొడుగునా రాళ్ళను తన్నుకుంటూ నడిచాడు. అయినా తిన్నగా హోటలుకే పోయి, ఆమెను మళ్ళీ పనిలోకి పిలవమని అడిగాడు.

“అందరి ముందూ అన్నారుగా, అందరి ముందే చెప్పండి” అన్నాడు మేనేజరు.

హోటలు నిండా జనం. ఆయన తప్పుగా మాట్లాడానని, క్షమించమని చెప్పాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. నిన్నటి వాళ్ళు ఒక్కరూ లేరు. మేనేజరు ఫోన్ తీసి, “అక్కా, రేపు పొద్దున్నే రా. ఇకనైనా గిన్నె రెండు చేతుల్తో పట్టుకో” అన్నాడు. తర్వాత ఆయన వైపు తిరిగాడు.

“భోజనం చేస్తారా? చెయ్యకపోతే కాస్త పక్కకి జరగండి. బల్లల కోసం జనం నిలబడ్డారు.”

ఆయన పళ్ళు కొరుక్కుంటూ పక్కకి జరిగాడు.