సిమెంటు బాట మీద నెత్తళ్లు

కాలువ గట్టు మీద సిమెంటు బాట కావాలని కాళ్లరిగేలా తిరిగింది మహాలక్ష్మమ్మే. మంగినపూడి పక్కనున్న ఆ పల్లె నుంచి బందరు వెళ్లాలంటే రొయ్యల లారీలు దూసుకుపోయే రోడ్డే గతి. సైకిలుకి చేపల బుట్ట కట్టుకుని బయల్దేరిన ఆమె మొగుడు నాంచారయ్యను నాలుగేళ్ల కిందట ఆ రోడ్డే పొట్టన పెట్టుకుంది. అప్పట్నుంచీ ఆమెది ఒకటే పట్టు. తనకు చదువు రాదు కాబట్టి అర్జీలన్నీ పక్క వీధి రాజబాబు కూతురు గ్రేస్ చేత రాయించింది. నర్సింగు చదివే ఆ పిల్ల విసుక్కోకుండా ఎనిమిది అర్జీలు రాసిపెట్టింది.

చివరికి సగం బాట పడింది. ఊరి చివర నుంచి కల్వర్టు దాకా, నడిచేవాళ్లకీ సైకిళ్లకీ. జనం దీన్ని వాడుతున్నారో లేదో చూసి మిగతా సగం బస్సు స్టాపు దాకా వేస్తామన్నాడు ఇంజనీరు.

"వాడకేం చేస్తామండీ! కళ్లకద్దుకుని నడుస్తాం" అంది మహాలక్ష్మమ్మ.

అద్దుకున్నారు, పాపం! కార్తీకంలో వలల నిండా నెత్తళ్లు పడ్డాయి. ముందురోజు కురిసిన వానకి ఇసుకంతా తడి. తడి ఇసుకలో ఎండబోస్తే ఆ చిన్న చేపలన్నీ సాయంత్రానికి కుళ్లిపోతాయి. గట్టు మీద చూస్తే శుభ్రంగా, ఎండకి వెచ్చగా సిమెంటు. అందరికంటే ముందు బుట్ట కుమ్మరించింది మహాలక్ష్మమ్మే. పక్కన మనిషి నడిచేంత చోటు వదిలానని తన మనసుకి తనే సర్దిచెప్పుకుంది. ఆమెను చూసి పక్కింటి లక్ష్మీకాంతం వచ్చింది, వెనకే మరో పదిమంది వచ్చారు. పొద్దు బారెడెక్కేసరికి బాట మీద కాలు పెట్టే చోటు లేదు. ఎండబెట్టిన చేపను తొక్కితే ఆ ఇంటి అన్నాన్ని తొక్కినట్టేనని ఆ ఊరి లెక్క. చిన్నపిల్లలు కూడా తొక్కరు.

గ్రేస్ సైకిలు దిగింది.

"మామ్మా, కాస్త దారిస్తావా? పరీక్షకి టైమైపోతోంది."

చేత్తో పక్కకి నెడితే సరిపోయేది. మహాలక్ష్మమ్మ వంచిన నడుము ఎత్తలేదు.

"ఇప్పుడే పరిచానే తల్లీ, మళ్లీ ఎవరు తీస్తారు? ఇవాళ్టికి రోడ్డు మీద వెళ్లు. కల్వర్టు ఎంత దూరమని!"

"సర్లే మామ్మా" అని నవ్వి, పిల్ల సైకిలు రోడ్డెక్కించింది.

కల్వర్టు దాకా కూడా వెళ్లలేదు. లారీ బ్రేకు చప్పుడు విని మహాలక్ష్మమ్మ పరిగెత్తింది. తన చేపలూ అందరి చేపలూ తొక్కుకుంటూ పరిగెత్తింది. అప్పటికే అంతా అయిపోయింది.

పది రోజులకి ఇంజనీరు ఫైలు పట్టుకుని వచ్చాడు. రాజబాబు సైకిలు పట్టుకుని ఓ పక్కన నిలబడ్డాడు.

"బాట ఉన్న చోటే కదండీ జరిగింది? బాటుండగా ఆ అమ్మాయి రోడ్డెందుకెక్కింది?"

నెత్తళ్ల సంగతి బయటపడితే మిగతా సగం రాదని అందరికీ తెలుసు. ఆ రోజు చీకటితోనే పనికెళ్లిన రాజబాబుకి ఆ సంగతే తెలియదు, ఎవరూ చెప్పలేదు. లక్ష్మీకాంతం ముందుకొచ్చింది.

"పిల్లదానికి రోడ్డు మీద స్పీడుగా తొక్కడం సరదా అండీ. చెప్తే వినేది కాదు."

రాజబాబు తల దించుకున్నాడు. ఇంజనీరు రాసుకోబోయాడు. చచ్చిన బిడ్డ తప్పు మోస్తూ తండ్రి తల దించుకోవడం మహాలక్ష్మమ్మ చూడలేకపోయింది.

"అబద్ధమండీ! ఆ పిల్ల దారిమ్మని అడిగింది. బాట నిండా చేపలు పోసుకున్నాం. నేనే రోడ్డెక్కి వెళ్లమన్నాను."

ఇంజనీరు పెన్ను జేబులో పెట్టేశాడు. "అయితే మీక్కావలసింది దారి కాదండీ, కళ్లం" అని జీపెక్కాడు.

"నీ చేత్తో తెచ్చి నీ నోటితోనే పోగొట్టావు కదా వదినా!" అంటూ లక్ష్మీకాంతం ఆమె మీద పడింది. మిగతావాళ్లూ తలో మాట అన్నారు. మహాలక్ష్మమ్మకి అవేవీ ఎక్కలేదు. రాజబాబు తన చెంప మీద కొడితే బాగుండుననుకుంది. అతను కొట్టలేదు.

"ఇవాళ చెప్పి ఏం లాభం పిన్నీ? ఆ రోజు మూరెడు దారిస్తే సరిపోయేది."

అంతే అని సైకిలెక్కి పనికి బయల్దేరాడు. కల్వర్టు దగ్గర బాట ఆగిపోయింది. మహాలక్ష్మమ్మ చూస్తూండగానే లారీల మధ్య రోడ్డెక్కాడు.