నేనియ్యను

తిరుపాలమ్మకు పక్షవాతం వచ్చి మూడు నెలలైంది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఎదుటివాళ్ళు అన్నదంతా అర్థమవుతుంది. బదులు చెప్పబోతే "అది... అది..." తప్ప ఇంకేమీ రాదు.

కూతురు జయంతి ఆమెను వారానికోసారి గుంతకల్లుకు, మాట నేర్పే సిమ్రాన్ దగ్గరికి తీసుకుపోయేది. ఒకనాడు తన వంతు కోసం కూర్చున్న తిరుపాలమ్మ వేరుశనగ చేలో పాడుకునే కలుపు పాట అందుకుంది. మాటలన్నీ చక్కగా పలికాయి. జయంతి బిత్తరపోయింది.

"మాట శానామందికి మెదడులో ఎడమ పక్క ఉంటాది. అమ్మకు దెబ్బ తగిలింది ఆడే," అంది సిమ్రాన్. "రాగానికి కుడి పక్క గూడా పనిజేస్తాది. అది బాగుండాది. అమ్మా, ఎడమ చేత్తో తాళమేస్తా పాడు. నీళ్ళు... గావల్ల..."

నెల తిరిగేసరికి చిన్న చిన్న మాటలు పాటగా వచ్చాయి. కానీ ఇంటి బయట పాడాలంటే తిరుపాలమ్మకు సిగ్గు.

జయంతి పనికి పోయిన ఒక రోజు మరిది బయ్యన్న వచ్చాడు. పింఛను కాగితమని చెప్పి, ఆమెను ఆటో ఎక్కించి రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకుపోయాడు.

"నీ ఐదెకరాలు మీ మరిదికి రాసిస్తాండావు. ఇష్టమేనామ్మా?" అడిగాడు అధికారి.

పింఛను కాగితం కాదన్నమాట. తిరుపాలమ్మ గిర్రున బయ్యన్న వైపు తిరిగింది.

"ఆమెకి మాట్లాడేకి రాదు సార్. మతి గూడా నిలవదు, ఇంట్లో ఒప్పుకునింది మర్సిపోతాది," అన్నాడు బయ్యన్న. "ఏలిముద్ర ఎయ్యి వదినా."

ఆమె చెయ్యి లాక్కుంది. "అది... అది..."

"సూసినారా సార్?" బయ్యన్న నవ్వాడు.

వరుసలో ఉన్నవాళ్ళంతా ఆమెనే చూస్తున్నారు. తిరుపాలమ్మ ముఖం మండిపోయింది. ఎడమ అరచేత్తో బల్ల మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. గొంతెత్తింది.

"ఇయ్యనూ... నేనియ్యనూ... నా చేను నేనియ్యనూ..."

"ఈడ పాటలేంది వదినా, నగుబాటు!"

ఆమె అతని కళ్ళలోకి చూస్తూ ఇంకా గట్టిగా పాడింది.

"మతి ఉండాదీ బయ్యన్నా... నోరు ముయ్యీ బయ్యన్నా..."

అధికారి కాగితాలు వెనక్కి తోశాడు. "ఆమె చెప్పింది ఇనపడింది గదప్పా? లెయ్యి."

తిరుపాలమ్మకు మాట పూర్తిగా తిరిగి రాలేదు. అయినా ఆనాటి నుంచి అంగట్లోనైనా, బస్సులోనైనా కావలసింది పాడి అడిగేది. నవ్వేవాళ్ళు నవ్వారు. తొలకరి పడగానే కూలీలను పిలిచి, గట్టు మీద నిలబడి, ఏ మూల నుంచి విత్తాలో రాగం తీసి చెప్పింది. కిసుక్కుమన్న ఇద్దరి ముందుకూ పోయి, వాళ్ళు విత్తే సాలు పట్టేదాకా పాడింది.